పాత కార్లలో ఇంజిన్ మంటలు: నెల్లూరు, ఒంగోలు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండలు ముదిరాయంటే హైవే మీద ఎక్కడో ఒక కారు తగలబడిన ఫోటో వాట్సాప్‌లో తిరుగుతుంది. మర్నాడు పొద్దున్నుంచి మా షెడ్డుకు ఫోన్లు మొదలవుతాయి. అడిగే అనుమానాలు ఏటా అవే. పదేళ్లు, పదిహేనేళ్లు దాటిన బండ్లు నడిపేవాళ్ల కోసం వాటికి జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నేను చూసినంతలో వయసు ఒక్కటే ఏ బండినీ తగలబెట్టలేదు. కారే గొట్టాన్నో, తోలు ఊడిన వైరునో చూసి కూడా వదిలేసిన బండ్లే తగలబడ్డాయి.

## మంట ఎలా పుడుతుంది

పాత కారు ఇంజిన్‌లో మంటలు రావడానికి అసలు కారణం ఏంటి?

చాలావరకు రెండే. పెట్రోలో, డీజిలో, ఇంజిన్ ఆయిలో కారి వేడి భాగం మీద పడటం ఒకటి. వైరింగ్ షార్ట్ కావడం రెండోది. లోడు మీద బండి నడుస్తున్నప్పుడు ఇంజిన్ పక్కనుండి, కాలిన పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డు 500 డిగ్రీలు దాటగలదు. పెట్రోలుకైతే అంత వేడి కూడా అక్కర్లేదు, మైనస్ 40 డిగ్రీల చలిలోనూ మండే ఆవిరి వదులుతుంది కాబట్టి చిన్న నిప్పురవ్వ చాలు. కొత్త బండిలో ఈ రెంటినీ దూరంగా ఉంచేది రబ్బరు గొట్టాలు, ప్యాకింగులు, వైర్ల మీది తోలు. ఏళ్ల తరబడి వేడికి ఇవే గట్టిపడి పగులుతాయి. కాబట్టి పాత బండిలో చూడాల్సింది ముందుగా ఇంజిన్ ఇనుమును కాదు, దాని చుట్టూ ఉన్న రబ్బరునూ ప్లాస్టిక్‌నూ.

మా వైపు రోహిణి కార్తె ఎండకే కార్లు అంటుకుంటాయంటారు, నిజమా?

ఎండ ఒక్కటే కారును అంటించలేదు. పెట్రోలు తనంతట తాను అంటుకోవాలంటే 250 డిగ్రీల పైమాటే. బయట 45 డిగ్రీలున్న రోజు తలుపులు మూసి నిలబెట్టిన కారు లోపల కూడా వేడి అంతవరకు పోదు. అయితే ఎండ చేసే చెరుపు వేరే ఉంది. గొట్టాలను త్వరగా ఎండగొడుతుంది, ట్యాంకులో ఆవిరి ఒత్తిడి పెంచుతుంది, ఏసీ, ఫ్యాన్లు ఆగకుండా తిరిగేలా చేసి వైర్ల మీద భారం వేస్తుంది. పగిలే దశలో ఉన్న గొట్టం మే నెలలో పగులుతుంది. నిలబెట్టిన కారు తగలబడిందంటే ముందు అనుమానించాల్సింది బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండే వైర్లను. తాళం తీసేసినా వాటిలో కరెంటు ఆగదు.

మాది డీజిల్ బండి. ఈ భయం లేదు కదా?

ఉంది. అగ్గిపుల్ల గీస్తే డీజిల్ పెట్రోలంత తేలిగ్గా అంటుకోదు, అది నిజం. కానీ బాగా కాలిన లోహం మీద సన్నగా చిమ్మితే పెట్రోలు కంటే తక్కువ వేడికే తనంతట తాను అంటుకుంటుంది. పాత డీజిల్ బండ్లలో నేను మొదట చూసేది ఇంజెక్టర్ల మీద ఉండే సన్నని రిటర్న్ పైపులు. వేడికి గట్టిపడి, చెయ్యి తగిలితేనే విరిగిపోతాయి. టర్బో ఉన్న బండ్లలో టర్బోకు ఆయిల్ తీసుకెళ్లే పైపు జాయింట్లు కూడా చూడాలి. పైన మూత తీసినప్పుడు ఇంజిన్ మీద డీజిల్ తడి కనబడితే అదే రోజు బాగుచేయించండి.

కూలెంట్ అంటే నీళ్లే కదా, అది కూడా మండుతుందా?

కూలెంట్‌లో నీళ్లతో పాటు గ్లైకాల్ ఉంటుంది. పగిలిన గొట్టం నుంచి వేడి మానిఫోల్డు మీద కారితే నీరు ఆవిరైపోయి గ్లైకాల్ మిగులుతుంది, అది మండుతుంది. తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు ఆవిరి దీనికి గుర్తులు.

పాత బండికి ఈ20 పెట్రోలు పోస్తే మంటలొస్తాయా?

ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది పోసినంత మాత్రాన మంట రాదు. ఇబ్బంది ఇథనాల్ తగిలే రబ్బరుతో. పాత బండ్ల గొట్టాలు, సీళ్లు అంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని మెత్తబడతాయి, ఆ తర్వాత చెమ్మ మొదలవుతుంది. కొన్ని పాత బండ్లలో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖ కూడా 2025లో చెప్పింది. బంకుల్లో వేరే పెట్రోలు వెతుక్కోవడం కంటే ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఉన్న రబ్బరు ముక్కలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో ఒకేసారి మార్పించడమే మేలు.

మాది సముద్రం పక్క ఊరు. ఉప్పు గాలికీ మంటలకీ సంబంధం ఉందా?

చాలా ఉంది. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు నుంచి వచ్చే బండ్ల కింద చూస్తే పెట్రోలు తీసుకెళ్లే ఇనుప గొట్టాలు క్లిప్పుల దగ్గర తుప్పు తిని పలచబడి ఉంటాయి. అంతకంటే ఎక్కువమంది పట్టించుకోనిది ఎర్త్. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఒక రాగి పట్టీ ఉంటుంది. అది పాచి పట్టి పనిచేయకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు వందల ఆంపియర్ల కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. దొరికేది యాక్సిలరేటర్ కేబులో, క్లచ్ కేబులో. ఆ సన్నని తీగ అంత కరెంటు మోయలేక ఎర్రగా కాలుతుంది. సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతోందని కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ పట్టీ విప్పించి, ఉప్పుకాగితంతో రుద్దించి, మళ్లీ బిగించి చూడండి.

## ముందే తెలిసే గుర్తులు

పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పెట్రోలు వాసన వచ్చి, కాసేపటికి పోతోంది. వదిలేయొచ్చా?

వదిలేయొద్దు. చల్లగా ఉన్నప్పుడు ముడుచుకున్న రబ్బరు జాయింటు కారి, ఇంజిన్ వేడెక్కాక వ్యాకోచించి సర్దుకుంటే సరిగ్గా ఇలాగే వాసన వచ్చి పోతుంది. వాసన పోయినా పగులు అక్కడే ఉంటుంది. ఇంజెక్షన్ బండిలో, అంటే కార్బరేటర్ లేకుండా పెట్రోలును ఒత్తిడితో చిమ్మే బండిలో, పెట్రోలు లైను సుమారు 3 బార్ ఒత్తిడిలో ఉంటుంది, కాబట్టి పగులు పెరిగిన రోజు బొట్టు బొట్టుగా కారదు, చిమ్ముతుంది. వాసన వచ్చిన రోజే బండి ఆపి, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. ఆ బండి నడుపుకుంటూ షెడ్డుకు రావద్దు.

ప్లాస్టిక్ మాడిన వాసన వస్తోంది, కానీ పొగ కనిపించడం లేదు. ఏం చేయాలి?

ఏదో వైరు మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు మోస్తోందన్న మాట. ఏసీ బ్లోయరు, హెడ్‌లైట్లు, వెనకద్దం హీటరు ఒక్కొక్కటీ ఆపుతూ ఏది ఆపితే వాసన తగ్గుతుందో గమనించండి. తగ్గకపోతే బండి పక్కకు ఆపి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పేయండి. ఎలక్ట్రీషియన్‌కు చూపించేటప్పుడు వాసన ఏది వేసినప్పుడు వచ్చిందో చెబితే అతని పని సగం తగ్గుతుంది.

ఇంజిన్ మీద ఆయిల్ చెమ్మ ఉంది, పాత బండికి మామూలే అంటున్నారు. నిజమేనా?

చెమ్మ ఎక్కడుందన్నదే ముఖ్యం. కింద ఆయిల్ నిలిచే సంప్ దగ్గర కొద్దిగా తడి ఉంటే నెల రోజులు ఆగొచ్చు. ఇంజిన్ పైనుండే టాపెట్ కవర్ ప్యాకింగ్ నుంచి కారి ఎగ్జాస్ట్ వైపు దిగుతుంటే ఆగకూడదు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బానెట్ సందుల్లోంచి నీలం పొగ, మాడిన నూనె వాసన వస్తే ఆయిల్ అప్పటికే వేడి మీద పడుతున్నట్టు. ఆ ప్యాకింగ్ ఖర్చు చాలా తక్కువ. దీన్ని మామూలే అనడం నాకు నచ్చదు.

ఇంజిన్ మిస్ కొడుతోంది, పికప్ లేదు. దీనికీ మంటకీ సంబంధమేంటి?

ప్లగ్గులో, కాయిల్‌లో లోపముంటే సిలిండర్‌లో కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోయి, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లో కాలుతుంది. అది ఎర్రగా కాలి, పైనున్న కార్పెట్‌నో, కిందున్న ఎండు గడ్డినో అంటించగలదు. మిస్ కొట్టే బండిని దూరం తీసుకెళ్లకండి, గడ్డి మీద అసలు నిలపకండి.

## షెడ్డులో చేయించుకోవాల్సినవి

పెట్రోలు పైపులు చూడ్డానికి బాగానే ఉన్నాయి. అయినా మార్చాలా?

పైకి చూసి చెప్పలేం. క్లిప్పు వదులు చేసి గొట్టం చివరను రెండు వేళ్ల మధ్య ఉంగరంలా వంచి చూడండి. మంచి గొట్టం నున్నగా వంగి, వదిలితే తిరిగి లేస్తుంది. ముదిరిన గొట్టం వంపు మీద వెంట్రుకంత సన్నని గీతలు పదుల సంఖ్యలో తెరుచుకుంటాయి. ఇంకాస్త వంచితే లోపలి దారపు అల్లిక కనబడుతుంది. క్లిప్పు కింద ఉన్న ఆ అంగుళం మేరే ముందుగా పోతుంది, మామూలుగా చూస్తే కనబడనిదీ అదే.

నా సలహా ఐదేళ్లకోసారి లెక్కపెట్టుకుని మార్చేయమని. కొనేటప్పుడు గొట్టం ఒంటి మీద అచ్చు చదవండి. కార్బరేటర్ బండికి ఎస్‌ఏఈ జె30 ఆర్7 సరిపోతుంది. ఇంజెక్షన్ బండికి ఆర్9 అని ఉండాలి. మీటరు లెక్కన అమ్మే, ఏ అచ్చూ లేని నల్ల గొట్టం ఎంత చవకైనా వద్దు. కొత్త గొట్టంతో పాటు క్లిప్పులూ కొత్తవే వేయించండి.

ఫ్యూజు పదే పదే పోతోంది. పెద్దది వేస్తే పోదు కదా?

ఫ్యూజు పోదు, దాని బదులు వైరు కాలుతుంది. 10 ఆంపియర్ల ఫ్యూజున్న లైను వైరు ఆ మేరకే ఉంటుంది. అక్కడ 30 వేసినా, రాగి తీగ చుట్టినా, సిగరెట్ పెట్టె కాగితం పెట్టినా వైరింగ్ కట్ట మొత్తానికీ ముప్పే. ఫ్యూజు ఎందుకు పోతోందో వెతికించండి. తలుపు మడత దగ్గరా, డిక్కీ డోరు మడత దగ్గరా వైర్లు తెగడం పాత బండ్లలో సర్వసాధారణం.

హెడ్‌లైట్లకు 100 వాట్ల బల్బులు వేయించాను. ఇబ్బందా?

కంపెనీ ఇచ్చిన 55 వాట్ల బల్బులు రెండూ కలిసి సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటాయి. 100 వాట్లవి రెండు కలిస్తే 17 దాకా తీసుకుంటాయి. వైరూ స్విచ్చూ మాత్రం పాతవే. వెలుతురు తప్పక కావాలంటే రిలే, ఫ్యూజు, మందపాటి వైరు ఉన్న కిట్ వేయించండి. పాటల కోసం పెట్టే ఆంప్లిఫయర్‌కూ అంతే, బ్యాటరీ నుంచి నేరుగా లాగిన వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు లేకపోతే అది ఎక్కడ రాసుకున్నా మంటే.

ఎలుకలు వైర్లు కొరికేస్తున్నాయి. ఏం చేయాలి?

వరి కోతలయ్యాక చేలల్లోని ఎలుకలు ఇళ్ల వైపు చేరతాయి. వెచ్చగా ఉండే ఇంజిన్ వాటికి సుఖమైన చోటు. గూటికోసం గడ్డి, గుడ్డపేలికలు తెచ్చి పెడతాయి కాబట్టి కొరికిన వైరు పక్కనే అంటుకునే సామగ్రి కూడా సిద్ధంగా ఉంటుంది. వడ్ల బస్తాల పక్కన కారు పెట్టకండి. వారం పైగా నిలిపిన బండి అయితే స్టార్ట్ చేసే ముందు బానెట్ ఎత్తి టార్చి వేసి చూడండి. కొరికిన వైరుకు పైన టేపు చుట్టి సరిపెట్టకుండా, కొత్త ముక్క వేసి టంకం పెట్టించి స్లీవ్ వేయించాలి.

సర్వీసు నుంచి తెచ్చిన రెండు రోజులకే కొన్ని బండ్లు తగలబడతాయెందుకు?

చెయ్యి పెట్టిన చోటే లోపం మిగలొచ్చు. ఫిల్టర్ మార్చి క్లిప్పు బిగించకపోవడం, బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉంచడం, ఆయిల్ మూత పెట్టకపోవడం, తుడిచిన గుడ్డ మానిఫోల్డు మీద మర్చిపోవడం, వైరును సైలెన్సర్‌కు ఆనించి వదిలేయడం. ఇవన్నీ జరుగుతాయి. బండి తీసుకునేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బానెట్ ఎత్తి, ఐదు నిమిషాలు పక్కనే నిలబడి చూడండి. మంచి మెకానిక్ దానికి ఏమీ అనుకోడు.

కార్బరేటర్ బండి స్టార్ట్ కాకపోతే పైనుంచి పెట్రోలు పోసి స్టార్ట్ చేస్తుంటారు. చేయొచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పాత మారుతి 800, ఓమ్ని, అంబాసిడర్ బండ్లకు ఈ అలవాటు ఇంకా పోలేదు. టైమింగ్ కాస్త తప్పితే ఇంజిన్ వెనక్కి తంతుంది, మంట కార్బరేటర్ నోట్లోంచి పైకి లేస్తుంది. అక్కడ సీసా పట్టుకున్న మనిషి చెయ్యి, మొహం ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి నడపడం కూడా ఇందుకే తప్పు, వెనక్కి వచ్చిన మంటను ఆపేది ఆ డబ్బానే. స్టార్ట్ కాకపోతే ప్లగ్గులో కరెంటు వస్తోందా, పెట్రోలు పంపు కొడుతోందా అన్నవి చూడాలి.

గ్యాస్ కిట్ ఉన్న పాత బండి కొన్నాను. ఏం చూసుకోవాలి?

కిట్ ఆర్సీలో ఎక్కిందా లేదా అన్నది మొదట. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి, ఆ తేదీ చూడండి. సీఎన్‌జీ గాలికంటే తేలిక, కారితే పైకి పోతుంది. ఎల్‌పీజీ బరువు, సీట్ల కింద చేరి నిలుస్తుంది. ఇంటి సిలిండర్ నుంచి కారులోకి గ్యాస్ ఎక్కించడం చట్టవిరుద్ధం, ప్రాణాంతకం కూడా.

## దారిలో ఉన్నప్పుడు

రోడ్ల మీద ఉలవలు, కందులు ఆరబోస్తారు. వాటి మీదుగా పోతే కారుకేమైనా అవుతుందా?

అవుతుంది. పొదిలి, కనిగిరి, దర్శి వైపు నూర్పిడి రోజుల్లో దీన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. ఒక బండిని లిఫ్టు మీద ఎత్తి చూస్తే ఎండు ఉలవ తీగ డ్రైవ్ షాఫ్టుకు తాడులా పేనుకుని, అక్కడి నుంచి సైలెన్సర్ పైపు చుట్టూ చేరి, పైపుకు ఆనిన పొర మొత్తం బొగ్గయి ఉంది. ఆ యజమానికి తెలిసిందల్లా కాస్త గడ్డి కాలిన వాసన. ఇంకో పది కిలోమీటర్లు పోయుంటే మంట పక్కనున్న పెట్రోలు గొట్టానికి అందేది. వీలైతే అంచు వెంబడి పోండి. తప్పక మీదుగా పోవాల్సి వస్తే దాటిన తర్వాత ఆపి, ఇంజిన్ ఆపేసి, కిందికి వంగి చూడండి. ఇరుక్కున్న తీగను కర్రతో లాగండి, చేతితో ముడితే కాలుతుంది. రైతులకు వేరే కళ్లాలు లేకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు, మన జాగ్రత్త మనం పడాలి.

దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కాలి. పాత బండితో పోవచ్చా?

బండి బాగుంటే నిక్షేపంగా పోవచ్చు. ఎక్కేటప్పుడు వేగం తక్కువ, లోడు ఎక్కువ, రేడియేటర్‌కు గాలి తక్కువ. కారే చోటు ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. ఉష్ణోగ్రత ముల్లు సగం దాటి లేస్తుంటే ఏసీ ఆపండి, ఇంకా లేస్తే పక్కకు ఆపండి, వేడి మీద రేడియేటర్ మూత తిప్పకండి. దిగేటప్పుడు రెండో గేరులో దిగండి. బ్రేకు మీదే కాలు ఉంచి దిగితే చక్రాల దగ్గర పొగ లేస్తుంది.

రొయ్యల చెరువులకు బ్లీచింగ్ పౌడరు, జనరేటర్‌కు డీజిల్ ఒకే కారులో తీసుకెళ్తాం. ప్రమాదమా?

ప్రమాదమే. బ్లీచింగ్ పౌడరుకు బ్రేక్ ఆయిలో, పెట్రోలియం నూనెలో తగిలితే ఏ నిప్పూ లేకుండానే వేడెక్కి అంటుకోవచ్చు. రెండూ కలిపి ఎక్కించకండి. పెట్రోలును నీళ్ల సీసాల్లో అసలు తేవద్దు.

## మంట కనబడినప్పుడు

హైవే మీద పోతుండగా బానెట్ నుంచి పొగ వచ్చింది. మొదట ఏం చేయాలి?

ఎడమ పక్కకు ఆపి తాళం తిప్పేయండి. ఇంజెక్షన్ బండిలో దాంతో పెట్రోలు పంపు ఆగుతుంది. అందర్నీ దించండి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ ముందు. సామాను కోసం ఎవరూ వెనక్కి వెళ్లొద్దు. గాలి వచ్చే వైపుగా కనీసం 30 మీటర్లు దూరం పోయి ఫోన్ చేయండి. అగ్నిమాపక కేంద్రానికి 101, ఏ అత్యవసరానికైనా 112, జాతీయ రహదారి మీద అయితే 1033. ఊరు, దగ్గర్లోని టోల్‌గేటు, నెల్లూరు వైపు పోతున్నారా ఒంగోలు వైపా, కిలోమీటరు రాయి మీది అంకె చెప్పండి.

బానెట్ ఎత్తి నీళ్లు పోస్తే ఆరిపోదా?

బానెట్ ఎత్తితే గాలి లోపలికి దూరి మంట ఒక్కసారిగా మొహం మీదికి లేస్తుంది. నీళ్లు పోస్తే మండే పెట్రోలు నీటి మీద తేలుతూ కారు కిందికి పాకుతుంది. చిన్న పొగే అయి, చేతిలో అగ్నిమాపక సిలిండర్ ఉంటే లోపలి లివరు మాత్రం లాగి, బానెట్ అర అంగుళం తెరుచుకున్న సందులోంచి కొట్టండి. పెట్రోలు రోడ్డు మీద పారుతున్నా, మంట డ్యాష్‌బోర్డు దాటినా ప్రయత్నించొద్దు. బండి కోసం చేసే సాహసం కాదది.

కారులో ఎలాంటి అగ్నిమాపక సిలిండర్ ఉంచాలి?

ఐఎస్ఐ గుర్తున్న 1 కిలో ఏబీసీ పౌడరు రకం. ముల్లు పచ్చ గీతలో ఉండాలి. డ్రైవర్ సీటు దగ్గర బిగించండి, డిక్కీలో పెడితే సమయానికి అందదు. పౌడరు పది సెకన్లలోపే అయిపోతుంది కాబట్టి మంట మొదటికి గురిపెట్టాలి.

తలుపులు తెరుచుకోకపోతే?

సెంట్రల్ లాక్ వైరు కాలితే అలా జరగొచ్చు. లోపలి గొళ్లెం చేత్తో లాగండి. కాకపోతే పక్క అద్దం మూలలో పగలగొట్టండి. ముందద్దం పొరలద్దం, తేలిగ్గా పగలదు. చిన్న సుత్తి ఒకటి చేతికందేలా పెట్టుకోండి.

సినిమాల్లో చూపించినట్టు కారు పేలిపోతుందా?

పెట్రోలు ట్యాంకు అలా పేలడం చాలా అరుదు. వినిపించే పెద్ద శబ్దాలు టైర్లవీ, డిక్కీ డోరు గ్యాస్ రాడ్లవీ. ఆ రాడ్లు బాణంలా ఎగిరి వస్తాయి, అందుకే వెనక వైపు కూడా నిలబడొద్దు.

## ఆ తర్వాత

మంట ఆరిపోయింది. బండి స్టార్ట్ చేసి ఇంటికి తీసుకెళ్లొచ్చా?

వద్దు. తోలు కాలిన వైర్లు ఒకదానికొకటి తగిలి మళ్లీ అంటుకోవచ్చు. చల్లారాక బ్యాటరీ నెగటివ్ విప్పి, లారీ మీద తరలించండి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మీ బండికి రాదు. పదేళ్లు దాటిన బండ్లకు చాలామంది అదొక్కటే కట్టుకుంటారు, అసలు చిక్కు అక్కడే. కాంప్రహెన్సివ్ పాలసీలో అగ్ని ప్రమాదం, తనంతట తాను అంటుకోవడం రెండూ కవరవుతాయి. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు, బ్యాటరీకి సగం తరుగు కోస్తారు. పదేళ్లు దాటితే లోహ భాగాలకూ సగమే. పాలసీలో చూపని గ్యాస్ కిట్ ఉంటే క్లెయిమ్‌కు ఇబ్బంది. వెంటనే కంపెనీకి చెప్పండి, సర్వేయరు చూసేదాకా ఏదీ విప్పించకండి. ఫైర్ స్టేషన్ నుంచి రిపోర్టు, పోలీసు స్టేషన్‌లో నమోదు చేసిన కాగితం తీసుకోండి.

బండి పూర్తిగా కాలిపోయింది. ఆర్సీ ఏం చేయాలి?

మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం పనికిరాకుండా పోయిన బండి సంగతి 14 రోజుల్లోగా ఆర్టీవో కార్యాలయానికి తెలపాలి. రిజిస్ట్రేషన్ రద్దయ్యాకే పాత ఇనుముకు ఇవ్వండి. చాసిస్ నంబరున్న ముక్కను ఎవరికీ విడిగా ఇవ్వకండి, దాన్ని ఇంకో బండికి అతికించి నడిపితే వచ్చే కేసు మీ పేరు మీదికి వస్తుంది.